పెనాల్టీకి ముందు నలభై మీటర్లు

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, లాలాగూడలో కాలనీ ఫుట్‌బాల్ జట్ల ఫైనల్ సమంగా ముగిసి, పెనాల్టీలతో తేల్చే షూటౌట్‌లో నేను కొట్టిన బంతి గోల్ పైనున్న బార్ మీదుగా పోయి, గోడ అవతల చెట్టు కింద పడింది. ఓ పిల్లవాడు గోడ దూకి దాన్ని తెచ్చేదాకా ఆట ఆగింది. ఆ రెండు నిమిషాలూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే పిల్లలకు పెనాల్టీలు నేర్పుతుంటాను. తన్నడం కంటే నడవడమే ఎక్కువ నేర్పుతాను.

షూటౌట్‌లో సెంటర్ సర్కిల్ నుంచి బంతి పెట్టి కొట్టే స్పాట్ దాకా ఒక్కడివే నడవాలి. పెద్ద గ్రౌండ్‌లో అది దాదాపు నలభై మీటర్లు. బుర్ర తిరిగేది అక్కడే. కుడికి కొడదాం అనుకుంటాం, గోల్ కీపర్ కూడా కుడికే దూకితే అనిపిస్తుంది, సరే ఎడమకు అనుకుంటాం. స్పాట్ దగ్గరికి చేరేసరికి మూడుసార్లు మనసు మారి ఉంటుంది. 1994 వరల్డ్ కప్ నాకౌట్ మ్యాచ్‌లలో ఐదు గోల్స్ కొట్టి ఇటలీని ఫైనల్ దాకా తెచ్చిన రాబర్టో బాజ్జో, అక్కడ షూటౌట్‌లో బంతిని బార్ మీదుగా కొట్టాడు. ఆయన కంటే ముందు ఇటలీవాళ్లే బరేసీ, మస్సారో కూడా పోగొట్టారు. వాళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. గోల్ కొట్టేవాడి మీద ఆశలెక్కువ, అందుకే నిందా ఎక్కువే.

కాబట్టి ఏ మూలకు కొట్టాలో శనివారం రాత్రే తేల్చుకోండి. గ్రౌండ్‌లో తేల్చుకోవడానికి ఏమీ మిగలకూడదు.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44, స్పాట్ దూరం 11 మీటర్లు. పోస్టులు లేకపోతే ఎనిమిది పెద్ద అంగల ఎడంలో చెప్పులు పెట్టి, పన్నెండు అంగలు వెనక్కి రండి. ఒక్కో పోస్టుకు ఒక అంగ లోపల నీళ్ల సీసా పెట్టండి. సీసాకూ పోస్టుకూ మధ్యనుంచి పాదం లోపలి పక్కతో బంతిని నేలబారుగా పంపాలి. పదింటిలో ఏడు వెళ్లేదాకా కీపర్‌ను నిలబెట్టకండి.

ఆ తర్వాతదే అసలు సాధన. ప్రాక్టీస్ చివర, కాళ్లు లాగుతున్నప్పుడు, గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించి, సెంటర్ నుంచి నడిపించి, ఒక్కొక్కరికి ఒక్క కిక్ మాత్రమే ఇస్తాను. పది ఇస్తే పదోది ఎలాగూ బాగానే పడుతుంది. మ్యాచ్‌లో దొరికేది ఒక్కటే కదా! మిగతావాళ్లు పక్కన నిలబడి అరుస్తారు. పోగొట్టినవాడు అందరికీ ఉస్మానియా బిస్కెట్లు కొనాలి. యాభై రూపాయల టెన్షన్ కూడా టెన్షనే.

మన గ్రౌండ్లలో స్పాట్ దగ్గర గుంట పడి ఉంటుంది. బూటుతో మట్టి సర్ది, బంతిని మీరే పెట్టండి. కీపర్ సతాయిస్తాడు. 2022 వరల్డ్ కప్ ఫైనల్ షూటౌట్‌లో అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్ బంతిని పక్కకు విసిరేస్తే, ఫ్రాన్స్ ఆటగాడు చువామెని వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత అతను కొట్టింది పోస్ట్ పక్కనుంచి బయటికి పోయింది. మీకూ అలా జరిగితే మెల్లగా వెళ్లి తెచ్చుకోండి, బంతి పెట్టడం, అడుగులు లెక్కపెట్టడం మళ్లీ మొదటినుంచి చేయండి.

విజిల్ మోగగానే పరిగెత్తకండి. ఊపిరి ఒక్కసారి పూర్తిగా వదలండి. ఆనించే కాలు బంతి పక్కన జానెడు దూరంలో పడాలి, దాని వేళ్లు మీరు అనుకున్న మూలవైపు ఉండాలి. చూపు బంతి మీదే. ఆ రోజు నేను చివరి క్షణంలో తలెత్తి కీపర్‌ను చూశాను. ఒళ్లు వెనక్కి వాలింది, బంతి పైకి లేచింది. రన్నప్‌లో తడబడినట్టు నటించొచ్చు గానీ, బంతి దగ్గరికి చేరాక ఆగి ఏమారిస్తే ఎల్లో కార్డే. 1976లో చెకోస్లోవేకియా ఆటగాడు పనెంకా గోల్ మధ్యలోకి మెల్లగా ఎత్తి వేసినట్టు వేస్తామని ప్రతి పిల్లాడూ అడుగుతాడు. వద్దని చెబుతాను, అంతే.

మా అక్క కొడుకు మొన్న ఒక మ్యాచ్‌లో పెనాల్టీ కొట్టాడు. మా నెట్ చిరుగుల్లోంచి బంతి వెనక్కి దూరిపోయింది, వాడు ఎటు పరిగెత్తాలో తెలియక కార్నర్ జెండాను కౌగిలించుకున్నాడు. కాసేపటికే ఇంకో పెనాల్టీ. "మామా, మొదటిది ఎడమకు కొట్టిన. ఇప్పుడెటు?" అని గీత దగ్గరికొచ్చి అడిగాడు. మళ్లీ ఎడమకే కొట్టమన్నాను. మార్చాలన్న ఆలోచన వచ్చిందంటే అనుమానం దూరినట్టే. కాదనే కోచ్‌లు ఉన్నారు, ఉండనీ. రెండో పెనాల్టీ బరువు వేరు. 2022 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ ఆటగాడు హ్యారీ కేన్ ఫ్రాన్స్ మీద మొదటిది గోల్ చేసి, రెండోది బార్ మీదుగా కొట్టాడు. ఎదురుగా ఉన్న కీపర్ లోరిస్ అప్పట్లో ఆయనతో ఒకే క్లబ్బులో ఆడేవాడు. రోజూ చూసే కళ్ల ముందు కొట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు.

పోగొట్టినవాడికి తిరిగి నడవడానికి కూడా అవే నలభై మీటర్లు. జట్టులో ఒకడు సగం దూరం ఎదురెళ్లాలి, ఇది మా దగ్గర రూలు. లాలాగూడలో నాకు ఎదురొచ్చింది మా కీపర్ ఒక్కడే. ఏమీ అనలేదు, నీళ్ల సీసా చేతిలో పెట్టాడు. ఇప్పటికీ ఆదివారాలు మా గోల్‌లో నిలబడేది అతనే. నేను ఎడమ మూలకే కొడతానని ఎప్పటినుంచో అతనికి తెలుసు. పోయిన వారం పట్టేశాడు. బిస్కెట్లు నేనే కొన్నాను.