స్పాట్ సరే, ఎన్నింటికి వెళ్తారు? ఒడిశాలోని బరంపురం చుట్టుపక్కల ఫోటో ట్రిప్ ప్లానింగ్

"బరంపురం వస్తున్నాం, మంచి స్పాట్లు చెప్పన్నా" అని అడిగేవాళ్లే గానీ, ఏ నెలలో రావాలి, పొద్దున ఎన్నింటికి అక్కడ ఉండాలి అని అడిగేవాళ్లు తక్కువ. స్పాట్ల లిస్టు ఎక్కడైనా దొరుకుతుంది. గోపాల్‌పూర్ బీచ్‌లో మిట్టమధ్యాహ్నం దిగితే ఎండ తప్ప ఏమీ మిగలదు, అదే బీచ్ తెల్లవారుజామున చూడండి, తీసినకొద్దీ ఫ్రేములే. అందుకే నేను ముందు టైం పట్టుకుంటాను, తర్వాత చోటు, లెన్సుల సంగతి ఆ తర్వాతే.

మొదట నెల తేల్చుకోండి. పక్షులు కావాలంటే డిసెంబరు, జనవరి. చిలికా సరస్సుకి మన గంజాం జిల్లా వైపు రంభ దగ్గర పడవ ఎక్కొచ్చు గానీ, పక్షుల్ని దగ్గరగా తీయాలంటే ఖుర్దా జిల్లాలోని మంగళాజోడి దాకా వెళ్లాల్సిందే. కొరాపుట్ కొండల్లో వలిసె పూలు పసుపు పరిచినట్టు కనిపించేది అక్టోబరు చివర్నుంచి డిసెంబరు దాకా. జలపాతాలకి వానలు తగ్గుముఖం పట్టే రోజులు బాగుంటాయి, నీళ్లుంటాయి, ఆకాశమూ తెరిపిస్తుంది. అయితే అక్టోబరుతో ఒక చిక్కుంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది, రెండూ అక్టోబరులోనే. కాబట్టి ఆ నెలలో వచ్చేవాళ్లు క్యాన్సిల్ చేసుకునే వీలున్న రూమే తీసుకోండి, బయల్దేరే ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూడండి.

ఇక సూర్యుడు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు సాధారణంగా దెబ్బతినేది ఇక్కడే. గోపాల్‌పూర్‌లో మీకన్నా 20 నుంచి 30 నిమిషాల ముందే తెల్లారిపోతుంది. జూన్‌లో 5:15కల్లా సూర్యుడు బయటికొచ్చేస్తాడు, జనవరిలో 6:25 ప్రాంతంలో. రంగులు దానికి అరగంట ముందే మొదలై, సూర్యుడు కనిపించేసరికి సగం అయిపోతాయి, అంటే జనవరిలో అయినా 5:45కి ట్రైపాడ్ ఇసుకలో దిగి ఉండాలి, టీ తాగి వెళ్దాంలే అంటే కుదరదు. దిక్కు కూడా చూసుకోండి. మన తీరం ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు తూర్పు నుంచి 25 డిగ్రీల దాకా దక్షిణానికి జరిగి, దాదాపు మనకి ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు, వెలుగుకి ఎదురుగా పడవలు నల్లటి ఆకారాల్లా కనిపించే సిల్హౌట్లకి అదే సీజన్. జూన్‌లో అంతే దూరం ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి తీరం వెంబడి ఎడమ పక్క నుంచి వస్తాడు, అప్పుడు అలల మీద పక్క వెలుగు పడి నురగ గీతలు గీతలుగా కనిపిస్తుంది. ఇదంతా ఫోటోపిల్స్, సన్ సర్వేయర్ లాంటి యాప్‌లలో తేదీ కొడితే మ్యాప్ మీదే గీత గీసి చూపిస్తుంది. ఇంట్లో కూర్చుని చేసే పనిలో సగం ఇదే.

మిగతా సగం ముందురోజు సాయంత్రం ఆ చోటికి ఊరికే వెళ్లి చూసి రావడం. కెమెరా బయటికి తీయకపోయినా ఫరవాలేదు. గోపాల్‌పూర్‌లో అయితే పడవలు లాగి పెట్టిన చోటికి నడిచి, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఎవరైనా ఉంటే పక్కన కూర్చుని "తాతా, రేపు బోట్లు ఎన్నింటికి వస్తాయి?" అని అడగండి. తెలుగులోనే అడగండి, ఇక్కడి మత్స్యకారుల ఇళ్లలో చాలావరకు తెలుగే, మనవాళ్లు వచ్చి హిందీలో మొదలుపెడితే నాకైతే నవ్వొస్తుంది. గాలిని బట్టి, చేప పడేదాన్ని బట్టి టైం రోజూ మారుతుంది, ఏ యాప్‌లోనూ దొరకదు. మరపడవలు ఉంటాయనుకుని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య రాకండి, ఆ 61 రోజులు తూర్పు తీరంలో వాటికి వేట నిషేధం.

బోటు ఒడ్డుకి తగిలాక జరిగేదంతా పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. తడి తాడు భుజానికేసుకుని పదిమంది వెనక్కి వాలి లాగుతారు, కాళ్లు మడమల దాకా ఇసుకలో దిగబడతాయి, ఈలోపే గంపలు పట్టుకున్న ఆడవాళ్లు చుట్టూ మూగి బేరం మొదలెడతారు. అందరూ బోటు ముక్కు దగ్గర నిలబడి తీస్తారు. మీరు తాడు చివరికి వెళ్లి మోకాలి మీద కూర్చోండి, తాడు గీతలాగా మొహాల వైపు తీసుకెళ్తుంది. 35 ఎంఎం లాంటి వైడ్ చాలు, షట్టర్ స్పీడు 1/500 సెకను కన్నా తగ్గకూడదు, ఎదురెండ కాబట్టి ఎక్స్‌పోజర్ ఆకాశానికి పెట్టుకుని నీడలు తర్వాత ఎడిటింగ్‌లో లేపుకోండి. దారికి అడ్డం పడొద్దు, వాళ్లకది పొట్టకూటి టైం. తీసినవాళ్లకి ప్రింట్లు పంపుతామని చెప్తే పంపండి, లేదంటే చెప్పకండి.

ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో. ఫలానా రోజు అని ఎవరూ చెప్పలేరు, కొన్నేళ్లు అసలు రావు కూడా. కాబట్టి దీని ఒక్కదాని కోసమే ట్రిప్ పెట్టుకోకండి, వస్తే అదృష్టం అనుకోవాలి. అటవీ శాఖ వాళ్లు ఎక్కడ నిలబడమంటే అక్కడే. ఫ్లాష్, టార్చి, సెల్‌ఫోన్ లైటు ఏదీ వద్దు. గుడ్లు పెట్టాక ఓ నెలన్నర, రెండు నెలలకి పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి ఎక్కడ వెలుతురు కనిపిస్తే అటు పాకుతాయి, మీ టార్చి చూసి సముద్రం వదిలేసి రోడ్డెక్కే ప్రమాదం ఉంది. తెల్లవారాక, వెలుగు బాగా వచ్చాక, దూరం నుంచి 200, 300 ఎంఎంతో తీసుకోవచ్చు. ఇది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద షెడ్యూల్ 1 జీవి, అంటే గట్టి రక్షణ ఉన్నది, సరదా కాదు.

కొండలకి లెక్క వేరు. గజపతి జిల్లాలో మహేంద్రగిరి 1501 మీటర్లు, కొరాపుట్‌లో దేవమాలి 1672, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు అదే. రెండూ ఒకే ట్రిప్‌లో పెట్టుకున్నవాళ్లకి ఫోటోల కంటే రోడ్డే ఎక్కువ మిగులుతుంది, నా సలహా అయితే ఏదో ఒకటి. శీతాకాలం పైన మంచు కమ్మితే పొద్దున 9 దాకా ఏమీ కనబడదు, ఉన్నట్టుండి విచ్చుకుంటుంది, ఓపికుండాలి. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, జేబులో పెట్టుకుని మార్చుకుంటూ ఉండండి. సిగ్నల్ పోతుంది గనక మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, పెట్రోలు కిందే నింపుకోవాలి. గజపతి జిల్లాలోనే జీరంగ్‌లో 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ ఆరామం ఉంది, లోపల తీయాలంటే అక్కడున్న లామాల్ని అడిగి తీయండి.

పర్మిషన్ల విషయంలో మొహమాటం పనికిరాదు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, బీచ్ కదా అని డ్రోన్ లేపితే మాటలతో పోదు. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకున్నాకే డ్రోన్‌ని బ్యాగ్‌లో పెట్టండి. మల్కన్‌గిరి, కొరాపుట్ సంతల్లో బోండా తెగవాళ్లని తీయాలని చాలామంది ఆశపడతారు. ఇలాంటి తెగల ఫోటోల మీద ప్రభుత్వ ఆంక్షలున్నాయి, అవి లేకపోయినా సంతకొచ్చిన ఆడమనిషి మొహం మీద లెన్స్ పెట్టడం ఎవరికైనా బాగుండదు. సంతలో తీయడానికి కూరగాయల కుప్పలు, కల్లు కుండలు, తూకాలు, చేతులు బోలెడన్ని ఉన్నాయి.

బ్యాగ్ గురించి క్లుప్తంగా. ఏసీ రూమ్‌లోంచి నేరుగా బీచ్‌కి వెళ్తే లెన్స్ మీద ఆవిరి కమ్ముకుని మంచి వెలుగు కాస్తా చేజారిపోతుంది, రాత్రి కెమెరాని ఏసీ గాలి తగలని చోట, బాత్రూమ్ పక్కనో బాల్కనీ తలుపు దగ్గరో బ్యాగ్‌లోనే ఉంచండి, లేదంటే ఏసీ కట్టేయండి. ఉప్పు గాలికి సాయంత్రం బాడీనీ ట్రైపాడ్ కాళ్లనీ కాస్త తడిబట్టతో, ఆ తర్వాత పొడిబట్టతో తుడవాలి. బీచ్‌లో లెన్స్ మార్చొద్దు. మెమరీ కార్డులు రెండు పెట్టుకుని, రాత్రి ఒక కాపీ డిస్క్‌లోకి, అంతే.

మబ్బు పట్టిన రోజు కోసం ఒక ప్లాన్ చేతిలో ఉంచుకోండి. నన్నడిగితే బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇళ్లు. గుంట మగ్గం మీద మనిషి నేలకి సమానంగా కూర్చుంటాడు కాబట్టి మీరూ నేల మీదకి దిగాలి, కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా చూసుకోండి, లోపలి ట్యూబ్‌లైట్ ఆపమని అడిగితే సాధారణంగా ఆపుతారు. ఐఎస్ఓ 1600 నుంచి 3200. నాడె కదలిక మసకగా, మొహం స్పష్టంగా రావాలంటే షట్టర్ 1/30 దగ్గర మొదలుపెట్టి చూడండి. పని ఆపి పోజు ఇమ్మని మాత్రం అడగకండి, మగ్గం మళ్లీ మొదలయ్యేదాకా కూర్చోండి.