పేము కుర్చీ సీటు కుంగితే
బెజవాడ ఎండలకి పాత పేము కుర్చీల సీట్లు ఎండిపోయి కుంగుతాయి. జర్మన్ ఫర్నిచర్ తయారీదారు మిఖాయెల్ థోనెట్ 1859 నాటి 14వ నంబర్ కుర్చీకైనా, 1950ల్లో చండీగఢ్ ఆఫీసుల కోసం స్విస్ ఆర్కిటెక్ట్ పియేర్ జన్నరే చేయించిన టేకు కుర్చీలకైనా ఇదే అల్లిక, ఇదే జబ్బు. వెంటనే కొత్తగా అల్లించేయకండి. కుర్చీ తిరగేసి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డని సీటు అడుగున అరగంట పరచండి. పైవైపు నున్నగా ఉంటుంది కాబట్టి నీళ్లు సరిగా పీల్చదు, అడుగువైపే పీలుస్తుంది. చెక్కకి తడి తగిలితే పాలిష్ తెల్లబడుతుంది, జాగ్రత్త. తర్వాత నీడలో రోజంతా ఆరనివ్వండి. ఆరేకొద్దీ పేము బిగుసుకుంటుంది. అప్పటిదాకా ఎవరూ కూర్చోకూడదు (ఇంట్లో తాతగారుంటే ఇదే అసలు కష్టం). పేము తెగిపోయి ఉంటే మాత్రం మళ్లీ అల్లించాల్సిందే. ప్లాస్టిక్ అల్లికకి ఈ చిట్కా పనిచేయదు.