పత్తి సీజన్ ముందు సర్వర్ మారుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఆదోని యార్డుకు కొత్త పత్తి రావడం మొదలైతే మండీల్లో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. అందుకే సర్వర్ మార్చాలనుకునేవాళ్లు వినాయక చవితి లోపలే మార్చేయండి అని ప్రతి ఏడూ మొత్తుకుంటాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అక్టోబరులో ఫోన్ చేస్తారు: "అన్నా, బిల్లు కొడితే అర నిమిషం తిరుగుతా ఉంది, ఈ రాత్రికే కొత్తదానికి మార్చేద్దామా?" వద్దు సామీ. బయట బోరాల బండ్లు బారులు తీరి ఉన్నప్పుడు అర నిమిషం ఆగే సర్వర్‌తో అయినా పని జరుగుతుంది, పొద్దున లేవగానే అసలు తెరుచుకోని సర్వర్‌తో జరగదు.

నేను కర్నూలులో ఉంటాను. మండీలకు, నూనె మిల్లులకు, ఒకటి రెండు నర్సింగ్ హోములకు లెక్కల సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్లు చూస్తుంటాను. ఇది షాపులో బల్ల కింద ఉండే పాత టవర్ కంప్యూటరు నుంచి ముంబయిలోనో హైదరాబాదులోనో అద్దెకు తీసుకునే సర్వర్‌కు మారేవాళ్ల కోసం రాస్తున్నాను. వేరే రకంగా మారేవాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది.

డబ్బు కట్టే ముందు, నెమ్మదికి కారణం నిజంగా మిషనేనా అని ఒకసారి చూడండి. పదేళ్ల పట్టీలన్నీ (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీలు) ఒకే టేబుల్లో పెట్టి, రైతు పేరుతో వెతికితే మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివే సాఫ్ట్‌వేర్‌ను ఎంత మంచి సర్వర్ మీద పెట్టినా అంతే. ఒక్క ఇండెక్స్, అంటే ఏ పేరు ఎక్కడుందో చెప్పే పట్టిక, వేయించితే తీరిపోయే జబ్బుకు నెలనెలా అద్దె కట్టడం ఎందుకు? పాత హార్డ్ డిస్కు మీద నడుస్తుంటే మాత్రం మారాల్సిందే. తిరిగే డిస్కు అక్కడొకటి ఇక్కడొకటి వెతకాల్సి వస్తే సెకనుకు వందో రెండొందలో చేస్తుంది, తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీ వేలల్లో చేస్తుంది. ఇంకో మాట, 16 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ తీసుకుని "ఏం తేడా లేదే" అని గొణుక్కునేవాళ్లలో సగం మంది మైఎస్‌క్యూఎల్ అనే, లెక్కలన్నీ దాచిపెట్టే డేటాబేస్ ప్రోగ్రాము సెట్టింగులు ముట్టుకుని ఉండరు. అది డేటాను ర్యామ్‌లో పట్టి ఉంచుకోవడానికి వాడుకునే బఫర్ పూల్, మనం మార్చకపోతే 128 ఎంబీ మాత్రమే. ఇంటినిండా గదులు పెట్టుకుని వరండాలో పడుకున్నట్టు.

తేదీ విషయం. జీఎస్టీ రిటర్నులు నెలనెలా వేసేవాళ్లకు 11, 20 తేదీలు ముఖ్యం కాబట్టి ఆ రోజుల చుట్టుపక్కల వద్దు. మార్చి చివరి వారం అసలే వద్దు. 21 దాటాక, యార్డుకు సెలవు ఉన్న రోజుకు ముందు రాత్రి చూసుకోండి. అప్పుడు ఏదైనా తేడా వచ్చినా దిద్దుకోవడానికి ఒక పగలు చేతిలో ఉంటుంది. అమావాస్య కాదు కదా అని కూడా అడుగుతారు, అది మీ ఇష్టం, నేను తలదూర్చను.

ఇప్పుడు పాత మిషన్. మూడు నాలుగేళ్లుగా ఆపకుండా నడుస్తున్న టవర్‌ను "ఒకసారి దుమ్ము దులుపుదాం" అని ఆపకండి. పత్తి మండీలో ఫ్యాన్ల నిండా దూది పేరుకుని ఉంటుంది, అది చూస్తే చేతులు ఊరుకోవు, తెలుసు. కానీ తిరుగుతున్నంత కాలం తిరిగే డిస్కు, ఆపి చల్లారాక మళ్లీ లేవకపోవచ్చు. ముందు బ్యాకప్, ఆ తర్వాతే దులపడం.

బ్యాకప్ అంటే డేటాబేస్ నడుస్తుండగా దాని ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి లాగేయడం కాదు. అలా తీసిన కాపీలో సగం ఒక క్షణానిది, సగం ఇంకో క్షణానిది ఉంటుంది, తీరా తెరవబోతే తెరుచుకోదు. మైఎస్‌క్యూఎల్ డంప్, అంటే డేటా మొత్తాన్ని ఒక ఫైలుగా రాసి ఇచ్చే కాపీ, తీసేటప్పుడు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టి తీయండి, ఇన్నోడీబీ అనే రకం టేబుళ్లయితే అంతా ఒకే క్షణం నాటి లెక్కతో వస్తుంది. తీసినదాన్ని వేరే మిషన్ మీద పోసి, సాఫ్ట్‌వేర్ దానికి తగిలించి, నిన్నటి ఒక పట్టీ తెరిచి చూడండి. ఆ పని చేయకపోతే మీ దగ్గర ఉన్నది బ్యాకప్పో కాదో మీకే తెలియదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు రాత్రిపూట పనిచేస్తూ, తానున్నది ఏ సర్వర్ మీదో చూసుకోక అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశాడు. దాదాపు 300 జీబీలో ఆపేటప్పటికి మిగిలింది నాలుగున్నర జీబీ. బ్యాకప్‌కు ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నాయి, అవసరానికి ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. నేను ఆ రాత్రి కథ విన్నప్పటి నుంచి పాత సర్వర్ విండోకు ఎర్ర రంగు, కొత్తదానికి పచ్చ రంగు పెట్టుకుంటాను. నిద్రమత్తులో పేర్లు చదవం, రంగులు మాత్రం కనిపిస్తాయి.

కాపీలు ఎక్కడ పెడతారు అనేది కూడా అంతే ముఖ్యం. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు కింది అంతస్తులో కంప్యూటరు, దాని పక్క సొరుగులోనే బ్యాకప్ సీడీలు పెట్టుకున్నవాళ్లకు రెండూ కలిసే నానాయి. ఒక కాపీ ఊళ్లో వేరే ఇంట్లో, ఒకటి ఆన్‌లైన్లో ఉండాలి.

తర్వాత పాత మిషన్ లోపల ఏమేం జరుగుతున్నాయో రాసుకోండి, అదీ కాగితం మీద. అసలు సాఫ్ట్‌వేర్ ఎవరూ మర్చిపోరు, మర్చిపోయేవి చిన్న చిన్నవి. రాత్రి పదకొండుకు తనంతట తానే నడిచే పని ఏదైనా ఉందా, రైతుకు "మీ పట్టీ మొత్తం ఇంత" అని ఎస్సెమ్మెస్ ఎక్కడి నుంచి పోతోంది, కాటా నుంచి తూకం ఎలా వస్తోంది, ప్రింటరు ఏ దారిన కలిసి ఉంది. ఎస్సెమ్మెస్ ఇచ్చేవాళ్లు, పేమెంటు గేట్‌వేల్లో కొన్ని మీ పాత ఐపీ నంబరును, అంటే ఇంటర్నెట్టులో మీ సర్వర్ చిరునామాను, మాత్రమే గుర్తుపెట్టుకుని ఉంటాయి. కొత్త ఐపీ నుంచి పోతే తలుపు తీయవు, ముందే చెప్పి చేర్పించుకోవాలి, దానికి వాళ్లు రెండు మూడు రోజులు తీసుకోవచ్చు. రాత్రి పనుల గురించి ఒక జాగ్రత్త. కొత్తదాని మీద మొదలుపెట్టి పాతదాని మీద ఆపడం మర్చిపోతే రైతుకు ఒకే పట్టీకి రెండు మెసేజీలు పోతాయి, మర్నాడు పొద్దున్నే ఆయన రెండో డబ్బు కోసం వచ్చి కూర్చుంటాడు. అప్పుడు మీరు ఎంత చెప్పినా ఫోన్ చూపిస్తాడు.

ఇక అన్నిటికన్నా నేను భయపడేది తెలుగు పేర్ల గురించి. కొన్నేళ్ల కిందట ఒక మండీ సర్వర్ మార్చాను, ఏ ఊరో చెప్పను. అంకెలన్నీ సరిగ్గా వచ్చాయి, క్వింటాళ్లు సరే, బాకీలు సరే, పొద్దున మొదటి పట్టీ ప్రింటు తీస్తే రైతు పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులు. గుమాస్తా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి "ఈయనెవురు?" అని నన్నే అడిగాడు.

ఇది ఎందుకు జరుగుతుందంటే, కంప్యూటరు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. డేటా తీసేటప్పుడో పోసేటప్పుడో మధ్యలో కనెక్షన్ "నాకు ఇంగ్లీషు అక్షరాలే వచ్చు" అనే సెట్టింగులో, అంటే లాటిన్1లో ఉందనుకోండి, తనకు రాని ప్రతి గుర్తు చోట ఒక ప్రశ్న గుర్తు పెట్టేసి చేతులు దులుపుకుంటుంది. అసలు బైట్లు అక్కడితో పోయినట్టే, ఆ కాపీలోంచి వాటిని ఎవరూ వెనక్కి తేలేరు. రెండో రకం తప్పు ఇంకోటి ఉంది, ఒక్కో గుర్తు చోట మూడేసి పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అది చూడడానికి భయంకరంగా ఉంటుంది గానీ, లోపల బైట్లు చాలాసార్లు అలాగే ఉంటాయి, వెనక్కి తిప్పుకోవచ్చు. కాబట్టి పిచ్చి అక్షరాలు వస్తే కంగారు పడకండి, ప్రశ్న గుర్తులు వస్తే వెంటనే పని ఆపేయండి.

ఆ రోజు మేము ప్రశ్న గుర్తులు లెక్కపెట్టి పేర్లు కనుక్కుందామని కూడా చూశాం, నవ్వకండి. గుణింతం, ఒత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ఐదు గుర్తులుంటే ఈరన్న, పన్నెండుంటే రామాంజనేయులు. కానీ ఏడుంటే? ఎల్లప్ప కావచ్చు, మల్లయ్య కావచ్చు, ఇద్దరికీ బాకీ ఉంది. పాత మిషన్ ఇంకా అలాగే ఉండబట్టి మధ్యాహ్నానికి డంప్ మళ్లీ తీసి పోశాం. నేను ఆ రాత్రే దాన్ని ఫార్మాట్ చేసి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు, ఇప్పటికీ ఆ మండీ అరుగు మీదే కూర్చుని పేర్లు అడుగుతూ ఉండేవాణ్ని.

అందుకని డంప్ ఫైలు తీయగానే నోట్‌ప్యాడ్ లాంటిదాంట్లో తెరిచి ఒక తెలుగు పేరు కళ్లతో చూడండి. కొత్త డేటాబేస్, టేబుళ్లు, కనెక్షన్ మూడూ యూటీఎఫ్-8కు పూర్తి రూపమైన యూటీఎఫ్‌8ఎంబీ4 లోనే ఉండాలి. మైఎస్‌క్యూఎల్‌లో పాతకాలపు ఉత్త 'యూటీఎఫ్8'లో తెలుగు పడుతుంది, ఎమోజీలు పట్టవు, ఈ రోజుల్లో నోట్సులో ఎమోజీ పెట్టే గుమాస్తాలూ ఉన్నారు.

టైము కూడా చూసుకోవాలి. అద్దె సర్వర్లు చాలావరకు యూటీసీ అనే అంతర్జాతీయ టైముతో వస్తాయి, మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. దాన్ని మార్చకపోతే తెల్లవారుజామున ఐదింటికి కొట్టిన బిల్లుకు నిన్నటి తేదీ పడుతుంది. మామూలు రోజుల్లో గుమాస్తా సర్దుకుంటాడు, ఏప్రిల్ 1న మాత్రం ఆ బిల్లు పోయిన ఆర్థిక సంవత్సరంలో కూర్చుంటుంది, మీ ఆడిటరు మిమ్మల్ని కూర్చోనివ్వడు.

మార్చే రాత్రికి అంతా ఒకేసారి పంపాలని చూడకండి. స్కాన్ చేసిన బిల్లులు, ఫొటోలు కలిపి 40 జీబీ ఉన్నాయనుకుంటే, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైను మీద ఎక్కడా తెగకపోయినా నాలుగున్నర గంటలు పడుతుంది. తెగకుండా ఉంటుందా? అందుకే పెద్ద ఫైళ్లు నాలుగు రోజుల ముందు నుంచే రాత్రుళ్లు, మారినవాటిని మాత్రమే పంపే ఆర్‌సింక్‌తో పంపుకోండి, చివరి రాత్రి కొత్తగా చేరినవి మాత్రం పోతాయి. సర్వర్‌కు డొమైన్ పేరు వాడుతుంటే దాని టీటీఎల్, అంటే మిగతా కంప్యూటర్లు దాని చిరునామాను ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకుంటాయనే అంకె, ఎంత ఉందో చూడండి. 86400 అని ఉంటే అది 24 గంటలు, అంటే మీరు చిరునామా మార్చాక కూడా కొందరి కంప్యూటర్లు రోజంతా పాత మిషన్ తలుపే తడతాయి. రెండు రోజుల ముందే దాన్ని 300కు తగ్గించి పెట్టుకోండి, అప్పటికప్పుడు తగ్గిస్తే లాభం లేదు.

రాత్రి మొదలుపెట్టగానే పాతదానిలో ఎవరూ కొత్త బిల్లు కొట్టకుండా తాళం వేయండి. ఇది మొహమాటానికి వదిలేయకండి. "ఒక్క బండే అన్నా" అని పాతదాంట్లో ఒక పట్టీ, కొత్తదాంట్లో ఒక పట్టీ కొడితే రెండింటికీ ఒకే నంబరు పడుతుంది, దాన్ని విడదీయడం అన్నదమ్ముల పొలం పంచినట్టే. పోసిన తర్వాత ఒక్కో టేబుల్లో వరుసల సంఖ్య, మొత్తం బాకీ, చివరి పట్టీ నంబరు రెండు చోట్లా పోల్చండి. ఒక టైము కూడా ముందే అనుకోండి, రాత్రి రెండు గంటలకల్లా ఇవి కలవకపోతే పాతదాని తాళం తీసేసి పడుకోవడమే. మూడింటికి "ఇంకొక్కటి చూద్దాం" అనిపిస్తుంది, ఆ టైములో చేసే ప్రతి పనీ మర్నాడు ఇంకో రెండు పనులు పెడుతుంది.

కొత్త సర్వర్ ఇంటర్నెట్టులో ఉంటుంది, బల్ల కింద ఉన్న టవర్‌లా కాదు. డేటాబేస్‌లోకి పోయే తలుపు, అంటే పోర్టు 3306, అందరికీ తెరిచి పెట్టి, పాస్‌వర్డు షాపు పేరు, చివర 123 పెట్టుకునే అలవాటు ఉంటే ఆ రోజే మానేయండి. తెరిచి ఉన్న పోర్టుల కోసం రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. ఇంకోటి, నెట్ పోతే ఇప్పుడు బిల్లింగే పోతుంది. రెండో లైను లేకపోతే కనీసం మంచి సిగ్నల్ ఉన్న సిమ్‌తో ఒక డాంగిల్, రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

కొత్తదానికి బ్రౌజరు భద్రంగా తెరవడానికి పెట్టే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ వేయించి ఉంటే అది 90 రోజులకే. దాన్ని తనంతట తాను పొడిగించే పని కూడా పెట్టారో లేదో చూడండి. సెప్టెంబరులో మార్చితే గడువు సరిగ్గా డిసెంబరులో, పత్తి ముమ్మరంగా ఉన్నప్పుడు వస్తుంది. ఎనభయ్యో రోజుకు ఫోన్లో అలారం పెట్టుకోండి.

పాత టవర్‌ను ఒక నెల కదపొద్దు. నెట్ వైరు తీసేసి, మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించండి. మొన్న ఒక షావుకారు నాలుగో రోజే "మా పిల్లోడు గేములు ఆడుకుంటాడంట, ఇచ్చేదా?" అని అడిగాడు. నెల చివర లెక్కలు సరిచూసుకున్నాక, డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టుకుని, మిగిలింది పిల్లోడికి ఇమ్మన్నాను.