జియార్డియాతో కడుపు నొప్పెడుతుంటే ఏం తినాలి, ఏం మానాలి

తిన్న అరగంటకే పొట్ట బిగుసుకుపోతుంది. బొడ్డు పైన మెలిపెట్టినట్టు నొప్పి, కుళ్లిన కోడిగుడ్డు వాసనతో తేన్పులు, జిడ్డుగా నీళ్ల మీద తేలే విరేచనం. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలవుతుంది. జ్వరం పెద్దగా ఉండదు, రక్తం పడదు. ఇలా వారం దాటితే అజీర్తి అనుకుని గ్యాస్ మాత్రలతో నెట్టుకురాకండి. ఇది జియార్డియా కావచ్చు. కలుషితమైన నీళ్లతోనో, చేతులతోనో కడుపులోకి వెళ్లే ఏకకణ పరాన్నజీవి ఇది. లోపలికి వెళ్లిన ఒకటి రెండు వారాలకు బయటపడుతుంది కాబట్టి నిన్న తిన్న పానీపూరీని తప్పుపట్టి లాభం లేదు.

ముందు మల పరీక్ష చేయించండి. ఒక్క నమూనాలో ఏమీ కనపడలేదంటే లేదని కాదు, ఎందుకంటే ఈ క్రిమి రోజూ ఒకేలా బయటికి రాదు. వేర్వేరు రోజుల్లో తీసిన మూడు నమూనాలు ఇవ్వడం మంచిది. మలంలో క్రిమి తాలూకు ప్రోటీన్లను వెతికే యాంటిజెన్ పరీక్ష దొరికితే ఇంకా నమ్మకం. మందు డాక్టరే రాయాలి. పెద్దవాళ్లకు ఎక్కువగా టినిడజోల్ 2 గ్రాములు ఒకే మోతాదుగా గానీ, మెట్రోనిడజోల్ 5 నుంచి 7 రోజులు గానీ ఇస్తారు. పిల్లలకు బరువును బట్టి. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోండి. నోరు ఇనుము చప్పరించినట్టు అవుతుంది, అది మందు గుణమే. నిమ్మచెక్కకు కాస్త ఉప్పు అద్ది నాకితే కొంత తేలికపడుతుంది. మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక మరో మూడు రోజులూ మద్యం ముట్టకూడదు. కల్లు కూడా మద్యమే. విరేచనాలు తగ్గాయని సగంలో కోర్సు ఆపేస్తే క్రిమి మిగిలిపోతుంది.

మందు క్రిమిని చంపుతుంది. దెబ్బతిన్న పేగు కోలుకోవడానికి మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో నొప్పి తగ్గేదీ పెరిగేదీ చాలావరకు కంచంలోనే ఉంటుంది.

నొప్పి ఎందుకు వస్తుందో తెలిస్తే ఏం తినాలో తేలిగ్గా తెలుస్తుంది. జియార్డియా చిన్నపేగు మొదటి భాగంలో గోడను అంటిపెట్టుకుంటుంది. అక్కడ ఆహారాన్ని పీల్చే సన్నటి నూగు దెబ్బతింటుంది. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైము ఆ నూగు కొసల్లోనే ఉంటుంది, అందుకే ముందు అరగనివి పాలు. తర్వాత నూనె, నెయ్యి. అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లిన పాలచక్కెరను అక్కడి బ్యాక్టీరియా పులియబెడుతుంది. గ్యాస్ పుట్టి పేగు సాగుతుంది, మెలిపెడుతుంది. కాబట్టి పాలు, కొవ్వు, తీపి తగ్గిస్తే నొప్పి మూలంలోనే తగ్గుతుంది. చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, నీరసంగా ఉందని గ్లాసుడు పాలలో హార్లిక్స్ కలిపి తాగిస్తారు. గంటలో కడుపు మళ్లీ ఉబ్బుతుంది.

నొప్పి పట్టినప్పుడు

వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి బొడ్డు మీద 15 నిమిషాలు ఉంచండి. మోకాళ్లు ముడుచుకుని ఎడమవైపు తిరిగి పడుకోండి. తిన్నాక ఉబ్బరంగా ఉంటే పడుకోవడం కన్నా పది నిమిషాలు మెల్లగా నడవడం నయం. అర టీస్పూను వాము గ్లాసున్నర నీళ్లలో వేసి గ్లాసు అయ్యేదాకా మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా గుక్కగుక్కగా తాగండి. గుండెల్లో మంట ఉన్నవాళ్లకు వాము పడదు, వాళ్లు జీలకర్రతో ఇలాగే చేసుకోవచ్చు. ఇవి గ్యాస్‌కు కాస్త ఉపశమనమే, క్రిమిని ఏమీ చేయవు.

మాత్ర తప్పదనుకుంటే పారాసిటమాల్ కడుపుకు తేలిక. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ ఉన్నవి ఖాళీ కడుపును ఇంకా కోస్తాయి. కడుపునొప్పికని షాపులో ఇచ్చే చాలా మాత్రల్లో మెఫెనమిక్ యాసిడ్ కలిసే ఉంటుంది, స్ట్రిప్ వెనక చదవండి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ పిల్లలకు ఇవ్వకండి. రక్తం గానీ జ్వరం గానీ ఉంటే పెద్దవాళ్లూ వేసుకోకూడదు.

మొదటి మూడు రోజుల తిండి

లంకణం వద్దు. పేగు కొత్త పొర కట్టుకోవాలంటే తిండి కావాలి. ఒకేసారి కంచం నిండా కాకుండా రెండున్నర, మూడు గంటలకోసారి అర గిన్నె చొప్పున తినండి.

ఈ సమయంలో పెసర గంజిని మించింది లేదు. ఒక పిడికెడు బియ్యం, రెండు టీస్పూన్ల పొట్టు లేని పెసరపప్పు కడిగి, ఆరు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, అర టీస్పూను జీలకర్ర వేసి కుక్కరులో సన్నటి సెగ మీద ఐదారు విజిల్స్ రానివ్వండి. ఆవిరి పోయాక గరిటెతో మెదిపితే మెతుకు వేలికి తగలకూడదు. ఉప్పు వేసి వెచ్చగా తాగండి. పోపు వద్దు, నెయ్యి వద్దు. మెతుకు మిగిలిపోయి చిక్కబడితే వేడినీళ్లు కలపండి. పప్పు ఎక్కువ వేస్తే గ్యాస్ మొదలవుతుంది, రెండు టీస్పూన్లు దాటనివ్వకండి.

ఇది కాక మెత్తటి ఇడ్లీ పలచటి చారులో నానబెట్టి, ఉడికించిన బంగాళాదుంప ఉప్పుతో, బాగా పండిన అరటిపండు సగం, చెక్కు తీసిన బీరకాయ లేదా సొరకాయ పులుసు లేని కూరగా. నాలుగో రోజు నుంచి ఉడికిన గుడ్డు, చర్మం తీసిన కోడి మాంసం చారు, నూనె తక్కువ పెట్టిన చేప పులుసు తినొచ్చు. రోజు మొత్తానికి వంటనూనె రెండు మూడు టీస్పూన్లతో సరిపెట్టండి. ఇడ్లీతో కొబ్బరి పచ్చడి, పల్లీ పచ్చడి అలవాటే, కానీ వాటిలో కొవ్వు చాలా ఎక్కువ. వారం పాటు ఆపండి. వేపుళ్లు, ఆవకాయ, శనగపప్పు, క్యాబేజీ, కూల్‌డ్రింకులు, పండ్లరసాలు కూడా అంతే. రాగిజావ మంచిదే గానీ పీచు ఉంటుంది, విరేచనాలు గట్టిపడ్డాక మొదలుపెట్టండి.

పాలు, పాలకాఫీ, పాలకోవా, ఐస్‌క్రీమ్ రెండు మూడు వారాలు మానండి. బాగా తోడుకుని కాస్త పులిసిన పెరుగులో పాలచక్కెర తక్కువ, నాలుగైదు రోజుల తర్వాత పావు కప్పు తిని చూడొచ్చు. మళ్లీ పాలు మొదలెట్టేటప్పుడు పావు గ్లాసు అన్నంతో పాటు తాగి సాయంత్రం దాకా గమనించండి. ఉబ్బకపోతే మర్నాడు అర గ్లాసు. తల్లిపాలు తాగే బిడ్డకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తల్లిపాలు ఆపకూడదు.

నీళ్లు, ఉప్పు

విరేచనం అయినప్పుడల్లా పెద్దవాళ్లు ఒక గ్లాసు ఓఆర్ఎస్ తాగాలి. రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., ఆ పైవాళ్లకు 100 నుంచి 200 మి.లీ. చెంచాతో, తొందరపెట్టకుండా పట్టాలి. పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి, సగం సగం వద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం. కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ, అదొక్కటే తాగితే చాలదు.

మందుల షాపుల్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి టెట్రా ప్యాకుల మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. వాటిలోని అధిక చక్కెర విరేచనాలను పెంచుతుంది. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి.

క్రిమి వేరైతే తిండీ వేరు

కొంకిపురుగులు (హుక్‌వర్మ్) పేగు గోడ నుంచి రక్తం పీలుస్తాయి. ఇవి ఉన్నవాళ్లకు కొవ్వు గొడవ లేదు, ఇనుము కావాలి. మునగాకు, తోటకూర, గుడ్డు, కాలేయం తినాలి, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోవాలి. భోజనానికి గంట అటూ ఇటూ టీ, కాఫీలు మానాలి. ఐరన్ మాత్రలతో మలం నల్లబడుతుంది, భయపడకండి. ఏలికపాములకూ కొంకిపురుగులకూ ఆల్బెండజోల్ 400 మి.గ్రా. వాడతారు, ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు 200. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చేది ఇదే, చిన్నపిల్లలకు పొడిచేసి ఇవ్వాలి. అమీబా అయితే మలంలో జిగట, రక్తం కనపడతాయి.

తీపి తింటే నులిపురుగులు పుడతాయన్న మాట మన ఇళ్లలో బాగా ఉంది. పురుగుల గుడ్లు మట్టి నుంచి, గోళ్ల నుంచి, కడగని కూరల నుంచి వస్తాయి, బెల్లం నుంచి కాదు. గుమ్మడి గింజలు తినడంలో తప్పు లేదు, మందుకు బదులుగా మాత్రం కాదు. పసిపిల్లలకు వేపనూనె తాగించకండి, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఏలికపాములు ఉండలు కట్టి పేగుకు అడ్డుపడినప్పుడు ఆముదం పడితే ఇంకా ముప్పు.

మళ్లీ సోకకుండా

మున్సిపల్ నీళ్లలో కలిపే క్లోరిన్‌కు జియార్డియా తేలిగ్గా లొంగదు. నీళ్లు తెర్లు కాగడం మొదలయ్యాక ఒక నిమిషం పూర్తిగా మరగనివ్వండి. కుండలో చేయి ముంచకుండా కాడ గరిటె వాడండి. మరుగుదొడ్డి నుంచి వచ్చాక, బిడ్డకు కడిగాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శానిటైజర్ ఈ క్రిమి మీద సరిగ్గా పనిచేయదు. విరేచనాలు తగ్గేదాకా రోగి ఇంటిల్లిపాదికీ వండకూడదు, ఈతకొలనులో దిగకూడదు.

ఆలస్యం చేయకూడనివి

పచ్చటి వాంతులు, గ్యాస్ కూడా పోకుండా పొట్ట రాయిలా ఉబ్బడం, కుడి డొక్క కింద నొప్పితో జ్వరం, ఐరన్ మాత్రలు వాడకపోయినా నల్లగా లేదా రక్తంతో విరేచనం, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, పిల్లల కళ్లు లోతుకు పోవడం, బిడ్డ మగతగా ఉండటం: వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. కుడివైపు కింద నొప్పి ఒకేచోట నిలిస్తే వేడినీళ్ల సంచి పెట్టొద్దు, అది అపెండిక్స్ కావచ్చు.

కోర్సు అయిపోయి రెండు వారాలైనా ఉబ్బరం తగ్గకపోతే పాల పదార్థాలు పూర్తిగా వారం రోజులు మానండి. తగ్గితే క్రిమి పోయి పాలు పడకపోవడం మిగిలిందన్నమాట, ఇంకొన్ని వారాలు ఓపిక పట్టండి. తగ్గకపోతే మల పరీక్ష మళ్లీ చేయించి, ఆ రిపోర్టుతో పాటు వాడిన మందు పేరు, ఎన్ని రోజులు వేసుకున్నదీ రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.