చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్న జెట్ విమానం ఏదో తెలుసుకోవడం, ఆ జ్ఞాపకాన్ని రాసిపెట్టుకోవడం ఎలా?

విజయవాడ, గుంటూరుల్లో స్థిరపడిన కుటుంబాల్లో కొందరి బాల్యం ఇక్కడ గడవలేదు. తండ్రుల రైల్వే, బ్యాంకు, సైనిక ఉద్యోగాల బదిలీల వెంట ఊళ్లు తిరిగినవారికి ఏదో ఒక పార్కులోనో, కంటోన్మెంటు గేటు దగ్గరో, బడి ఆవరణలోనో దిమ్మె మీద నిలబెట్టిన పాత యుద్ధవిమానం గుర్తుంటుంది. జారుడుబల్ల ఎక్కినంత చనువుగా దాని రెక్క ఎక్కినవారు ఇప్పుడు మనవలకు ఆ సంగతి చెప్పబోతే, అది ఏ విమానమో, ఏ సంవత్సరమో తేలక మధ్యలోనే ఆగిపోతారు. ఆ రెండూ తేల్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు గానీ, పనుల వరుస తప్పితే జ్ఞాపకమే చెడిపోతుంది.

అన్నిటికంటే ముందు రాయాలి, ఆ తర్వాతే వెతకాలి. ఫోన్‌లో ఒక్కసారి మిగ్-21 యుద్ధవిమానం ఫొటో చూశారంటే, మీ మనసులో ఉన్న మసక బొమ్మ స్థానంలో ఆ ఫొటోయే వచ్చి కూర్చుంటుంది. ఇక మీరు చూసినది ఏదో, ఇప్పుడు చూస్తున్నది ఏదో విడదీయలేరు. అందుకని ఒక కాగితం తీసుకుని, విమానం పేరు ఊహించే ప్రయత్నం చేయకుండా, ఒంటికి గుర్తున్న సంగతులు మాత్రమే రాయండి. రెక్క అంచు మీ నడుముకు తగిలేదా, తలకు తగిలేదా? ముక్కు దగ్గర గుండ్రటి రంధ్రం ఉండేదా, లేక ముక్కు మూసుకుపోయి పక్కలకు రంధ్రాలుండేవా? వెనుక గొట్టంలోకి దూరేవారా? లోపల ఒక్కరే కూర్చునేవారా, ఇద్దరా, ఇద్దరైతే పక్కపక్కనా, ముందూ వెనకా? మధ్యాహ్నం రేకు కాలిపోయి సాయంత్రం దాకా ఆగవలసి వచ్చేదా? వీటిలో గుర్తులేనిదానికి ఎదురుగా గుర్తులేదనే రాయండి. ఊహించి నింపిన గడి తర్వాత సాక్ష్యంలా కనిపించి మిమ్మల్నే మోసం చేస్తుంది.

తరువాత సంవత్సరం. ఏ తరగతిలో ఉన్నప్పుడు అన్న ప్రశ్నకు చాలామంది జవాబు చెప్పగలరు. అది కూడా తోచకపోతే మన ప్రాంతపువారికి వేరే మైలురాళ్లు ఉన్నాయి. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా? 1980 కృష్ణా పుష్కరాలకు సెలవు పెట్టి బెజవాడ వచ్చినప్పుడు మీరు ఏ ఊరి నుంచి వచ్చారు? 1992 పుష్కరాల నాటికి ఆ ఊరు వదిలేశారా? ఇలా రెండు మైలురాళ్ల మధ్య కాలాన్ని బిగిస్తే చాలు, తేదీ అక్కరలేదు. విమానాలు సాధారణంగా సేవ ముగిశాకే పార్కులకు చేరతాయి కాబట్టి ఆ కాలమే సగం జవాబు చెబుతుంది. మిస్టేర్ యుద్ధవిమానాలు 1973 నాటికి, నాట్ యుద్ధవిమానాలు 1970ల చివరికి మన వాయుసేన నుంచి తప్పుకున్నాయి. మారుత్ యుద్ధవిమానం 1990 దాకా ఉంది. మిగ్-21 అయితే 1963లో చేరి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు అందుకుంది, ఆ రకంలో పాతదైన ఎఫ్ఎల్ నమూనా 2013లోనే వెళ్లిపోయింది. అందుచేత 1970ల పార్కులో మిగ్-21 ఎక్కానని ఎవరైనా అంటే కొంచెం ఆగి ఆలోచించాలి. అసాధ్యమని కాదు, ముందే పక్కన పెట్టేసిన విమానాలూ ఉండవచ్చు.

ఇక గుర్తుపట్టడం. రంగును నమ్మకండి, ఎందుకంటే పార్కు విమానానికి స్థానిక పెయింటరు ఎన్నిసార్లు ఏ రంగు వేశాడో చెప్పలేం. నమ్మదగినది గాలి లోపలికి పోయే రంధ్రం. ముక్కు కొసన గుండ్రటి రంధ్రం, దాని నడుమ మొనదేలిన శంకువు, త్రికోణాకారపు చిన్న రెక్కలు కలిసి గుర్తుంటే అది దాదాపు మిగ్-21. శంకువు లేకుండా ముక్కు తెరుచుకుని, రెక్కలు వెనక్కి వాలి ఉంటే మిస్టేర్ కావచ్చు. రెక్కలు తిన్నగా ఉండి కొసలకు పొడవాటి ఇంధన ట్యాంకులు తగిలించి ఉంటే దానికంటే ముందుతరపు తూఫానీ. రెక్క ఒంటికి అతుక్కునే చోటే త్రికోణపు రంధ్రాలుంటే హంటర్‌ను అనుమానించాలి. అది 14 మీటర్ల పొడవున్న పెద్ద విమానం కాబట్టి పిల్లలకు దాని రెక్క అందడం కష్టం. ఒంటికి రెండువైపులా రంధ్రాలు, భుజం ఎత్తున చిన్న రెక్కలు, మొత్తం తొమ్మిది మీటర్ల పొడవుతో చూడగానే బొమ్మలా అనిపించేది నాట్. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) తయారుచేసిన ఈ విమానంలోనే 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద పోరాడుతూ నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్ ప్రాణాలు వదిలి, వాయుసేనకు దక్కిన ఒకే ఒక పరమవీర చక్రకు అర్హుడయ్యాడు. మనం చెప్పుల కాళ్లతో తొక్కినది ఆ జాతి విమానమని తెలిసినప్పుడు కాస్త సిగ్గు వేస్తే అది సహజమే.

తమ్ముడూ నేనూ పక్కపక్కన కూర్చున్నాం అని రాసుకున్నవారికి పని మరీ తేలిక. జెట్‌లలో అలా కూర్చోబెట్టేవి ఎక్కువగా శిక్షణ విమానాలు. మన దేశంలో అయితే మొదట కిరణ్‌ను, తర్వాత వాంపైర్ శిక్షణ నమూనాను పరిశీలించండి. తోకకు బదులు రెండు పొడవాటి దూలాలు వెనక్కి సాగి ఉంటే అది వాంపైరే. వాంపైర్ ముందుభాగం ప్లైవుడ్, బాల్సా చెక్కలతో చేసినది కాబట్టి, తడితే రేకు మోతకు బదులు చెక్క మోత వినబడిందని మీరు ముందే రాసి ఉంటే, ఆ ఒక్క వాక్యం ఏ ఫొటోకంటే విలువైనది.

పాత ఆల్బంలో ఫొటో ఉంటే దాన్ని ఫోన్‌తో తీయకుండా, గవర్నరుపేటలోనో బ్రాడీపేటలోనో స్టూడియోకు తీసుకెళ్లి ఎక్కువ రిజల్యూషన్‌తో స్కాన్ చేయించండి. పిల్లల ముఖాలు వదిలి వెనకాల చూడాలి: ఒంటి మీద, తోక దగ్గర అక్షరాలు, అంకెలు ఉంటాయి. వాయుసేన లెక్కలో అంకెల ముందు వచ్చే అక్షరాల్లో ‘సీ’ మిగ్-21కు, ‘బీఏ’ హంటర్‌కు, ‘ఐఈ’ లేదా ‘ఈ’ నాట్‌కు చెందినవి. అయితే విమానం మీద వాయుసేన గుర్తుగా వేసే మూడు రంగుల వలయంలో బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ ఉండాలి. అది తారుమారుగా ఉంటే ఎవరో తర్వాత గీసినదని అర్థం, అప్పుడు పక్కనున్న నంబరునూ అంతంతమాత్రంగానే నమ్మాలి.

తోబుట్టువులను అడిగేటప్పుడు పెళ్లిలోనో వ్రతంలోనో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగకండి. గొంతు పెద్దదైన బాబాయి చెప్పిందే అందరి జ్ఞాపకమై కూర్చుంటుంది. అక్కయ్యకు ఒకరోజు, అన్నయ్యకు ఒకరోజు విడిగా ఫోన్ చేసి, మీ కాగితం చదివి వినిపించకుండా అవే ప్రశ్నలు వేయండి. ఇద్దరి మాటలు కలవని చోట రెండూ రాయండి. విమానాన్ని ఫలానా ఊళ్లో నిలబెట్టిన వార్త కోసం పాత పత్రికలు తిరగేయదలచినవారికి, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం మన దగ్గరలోనే ఉంది. కాలం బిగించుకుని వెళ్లకపోతే మాత్రం అక్కడ రోజంతా దుమ్ము దులపడంతోనే సరిపోతుంది.

బాల్యం అమెరికాలో గడిచిన పిల్లలున్నవారికీ ఈ పద్ధతే వర్తిస్తుంది. కాలిఫోర్నియాలోని లాస్ గాటోస్ ఓక్ మెడో పార్కులో టీ-33 జెట్ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో లార్సెన్ పార్కులో పిల్లలు ఎక్కి ఆడిన ఎఫ్-8 క్రూసేడర్‌ను మాత్రం 1993లో తీసేశారు.

అలా తీసేయడం వెనుక ఉండే కారణాలు తెలిస్తే, ఇప్పుడు మనవలను పాత విమానం దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు జాగ్రత్తపడతాం. పాత పెయింటులో సీసం ఉండవచ్చు. అది పెచ్చులూడిన చోట కనిపించే పసుపుపచ్చని పూత జింక్ క్రోమేట్ అయితే అది క్యాన్సర్ కారకం. పాతకాలపు మీటర్ల ముళ్లకు చీకట్లో మెరిసేందుకు రేడియం పూసేవారు. రేకు సందుల్లో కందిరీగలు గూళ్లు పెడతాయి. కనుక చూపించండి, ఎక్కించకండి, తాకితే చేతులు కడిగించండి. నిజంగా లోపలికి అడుగుపెట్టాలంటే ఉదయం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ వెళ్లి, ఆర్కే బీచ్‌లోని టీయూ-142 మ్యూజియం చూపించండి. అది జెట్ కాదు, నాలుగు ఇంజిన్లకు జంట ప్రొపెల్లర్లు తిరిగే నౌకాదళపు గస్తీ విమానం. 2017లో సేవ ముగించి అదే ఏడాది మ్యూజియమైంది. అక్కడ పిల్లలు ఏం తాకారో, ఏం అడిగారో తిరుగు రైల్లోనే వాళ్ల చేత రాయించి, ఆ కాగితాన్ని మీ కాగితంతో కలిపి తేదీ వేసి పెట్టండి.