ఎన్నికల ఫలితాలు చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: పోటీ చేసిన సీట్ల లెక్క

ఈసారి ముక్కోణపు పోటీల గురించి చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. కిందటిసారి ఇచ్చిన అభ్యాసంలో చాలామంది ఒకే చోట బోల్తాపడ్డారు. అది సరిచేయకుండా ముందుకు వెళ్తే తర్వాతి పాఠాలన్నీ తప్పుదారి పడతాయి.

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో 2019కీ 2024కీ మధ్య జనసేన ఎంత పెరిగిందని అడిగాను. ఆ పార్టీకి వచ్చిన ఓట్లు 2019లో 5.53 శాతం, 2024లో 6.85 శాతం. రెండోదాంట్లోంచి మొదటిది తీసేసి "1.32 పాయింట్లు, స్వల్ప పెరుగుదల" అని రాశారు. తీసివేత తప్పు కాదు. కానీ ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడమే తప్పు.

6.85 అనేది రాష్ట్రం మొత్తం మీద, అంటే 175 నియోజకవర్గాల్లో పోలైన ఓట్ల మీద కట్టిన శాతం. కానీ 2024లో టీడీపీ, బీజేపీలతో పొత్తు పెట్టుకున్న జనసేన పోటీ చేసింది 21 చోట్లే. మిగతా 154 నియోజకవర్గాల్లో ఓటరు బటన్ నొక్కడానికి వెళ్తే, ఈవీఎం మీద ఆ పార్టీ అభ్యర్థి పేరే లేదు. ఆ ఓట్లన్నీ హారంలో ఉన్నాయి, లవంలో ఒక్కటీ చేరే అవకాశం లేదు. 2019లో ఆ పార్టీ రాష్ట్రంలో చాలా ఎక్కువ చోట్ల నిలబడి ఒకే ఒక్క సీటు గెలిచింది. 2024లో నిలబడ్డ 21కి 21 గెలిచింది. "స్వల్ప పెరుగుదల" అన్న మాటలో ఇదంతా కనబడకుండా పోతుంది.

పోటీ చేసిన చోట్ల సగటున ఎంత శాతం ఓట్లు వచ్చాయో అంచనా కట్టడానికి నేను వాడే అడ్డదారి ఇది. రాష్ట్ర శాతాన్ని మొత్తం సీట్లతో గుణించి, పోటీ చేసిన సీట్లతో భాగించండి. జనసేనకు 6.85 × 175 ÷ 21, అంటే సుమారు 57. టీడీపీ 144 చోట్ల పోటీ చేసి 45.60 తెచ్చుకుంది, అది 55 దాటుతుంది. బీజేపీకి 10 సీట్లకు 2.83, అంటే 49కి పైన. మూడు పార్టీలూ తాము పోటీ చేసిన చోట్ల దాదాపు సగం లేదా అంతకు మించి ఓట్లు తెచ్చుకున్నారని ఇప్పుడు తెలుస్తోంది. అందుకే ఫలితాల పట్టిక ఏది చూసినా నేను ముందు పార్టీ పేరు పక్కనే "పోటీ చేసిన సీట్లు" అని ఒక గడి గీసుకుంటాను. రంగురంగుల మ్యాపులు ఆ తర్వాతే.

ఈ సూత్రం అన్ని నియోజకవర్గాల్లోనూ దాదాపు సమానంగా ఓట్లు పోలయ్యాయని అనుకుంటుంది. తెలంగాణలో 2023 తీసుకోండి. మజ్లిస్ 9 చోట్ల పోటీ చేసి 7 గెలిచింది, రాష్ట్ర శాతం 2.22. సూత్రం ప్రకారం 2.22 × 119 ÷ 9, అంటే సుమారు 29 వస్తుంది. కానీ హైదరాబాద్‌లో పోలింగ్ తక్కువ, కాబట్టి అసలు శాతం దీనికంటే ఎక్కువే. సీపీఐకి అదే ఎన్నికల్లో 0.34 శాతమే. అయినా కొత్తగూడెం గెలిచింది, ఎందుకంటే పోటీ చేసిందే అక్కడ. ఇలాంటి చోట సూత్రంతో పని లేదు, ఆ నియోజకవర్గం లెక్క నేరుగా తీసుకోండి.

ఇక నాకు బాగా చిరాకు తెప్పించే సంగతి. పైన వచ్చిన 57ను చూసి "జనసేన బలం 57 శాతం" అనేస్తారు. కాదు! ఆ 21 చోట్ల టీడీపీ, బీజేపీ అభ్యర్థులు లేరు, వాళ్ల ఓట్లు కూడా గాజు గ్లాసుకే పడ్డాయి. ఎవరి ఓటు ఎంతో ఈ పట్టిక నుంచి విడదీయలేం. పొత్తు ఉన్నప్పుడు ఒక్కో పార్టీని విడిగా తూచకండి, కూటమిని ఒకే పార్టీగా లెక్కించండి.

అలా లెక్కిస్తే 2024లో కూటమికి 45.60 + 6.85 + 2.83 = 55.28. వైఎస్సార్‌సీపీకి 39.37. ఇరువైపులా 175 చోట్లా పోటీ ఉంది కాబట్టి ఈ పోలిక చెల్లుతుంది. ఇప్పుడు 2019లో ఆ మూడు పార్టీలు విడివిడిగా తెచ్చుకున్నవి కలపండి: 39.17 + 5.53 + 0.84 = 45.54. అప్పుడు వైఎస్సార్‌సీపీది 49.95. అంటే 2019 ఓట్లను ఉన్నవి ఉన్నట్టు కలిపినా రాష్ట్ర స్థాయిలో వెనకబడే ఉండేవాళ్లు. "పొత్తు పెట్టుకున్నారు కాబట్టి గెలిచారు" అని టీవీ చర్చల్లో తేల్చేసేవాళ్లు ఈ కూడిక చేసి చూడరు. దాదాపు పది పాయింట్లు అటు నుంచి ఇటు కదిలాయి. పొత్తు ఆ కదలికను చీలిపోకుండా పట్టింది, అంతవరకే ఈ అంకెలు చెబుతాయి. వైఎస్సార్‌సీపీ సీట్లు 151 నుంచి 11కి పడిపోవడానికి పదిన్నర పాయింట్ల తగ్గుదల సరిపోయింది.

మెజారిటీ విషయం కూడా ఒక్క మాటలో. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్ల తేడాతో తేలింది. ఫలితం తారుమారు కావడానికి 26 మంది ఓటు మార్చుకోవాలని అభ్యాసంలో కొందరు రాశారు. 13 మంది చాలు. ఒకరు అటు నుంచి ఇటు వస్తే తేడా రెండు తగ్గుతుంది.

అభ్యాసం: ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నాను. మీ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో మీ నియోజకవర్గం ఫారం 20 ఉంటుంది, పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లు అందులో చూడొచ్చు. గత రెండు అసెంబ్లీ ఎన్నికలవీ తీసుకోండి. మీ ఊరి లేదా వార్డు కేంద్రాలన్నిటినీ కలిపి, కూటములను ఒకే పార్టీగా పట్టి, ఎన్ని పాయింట్లు ఎటు కదిలాయో కట్టండి. కేంద్రాల నంబర్లు ఎన్నికకూ ఎన్నికకూ మారవచ్చు, కాబట్టి బడి పేరు, ఊరి పేరు చూసి జత చేయండి. పోస్టల్ ఓట్లు చివర విడిగా ఉంటాయి, వాటిని మీ ఊరి లెక్కలో కలపకండి. కాగితాలు స్కాన్ చేసినవైతే అంకెలు చేత్తోనే ఎక్కించుకోవాలి. ఒక పూట పడుతుంది.