బయోఫిజిక్స్ సమ్మర్ స్కూల్‌కు అనంతపురం నుంచే ఎలా సిద్ధం కావాలి?

డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నారా? ఇప్పుడే మొదలుపెట్టండి. పేరుకు వేసవి బడులే గానీ, చాలావాటికి దరఖాస్తులు చలికాలంలోనే అయిపోతాయి. బెంగళూరులోని పరిశోధన సంస్థలైన ఐసీటీఎస్, ఎన్‌సీబీఎస్, జేఎన్‌సీఏఎస్‌ఆర్‌ల ప్రకటనలను అక్టోబరు నుంచి వారానికోసారి చూస్తుండండి.

బయోఫిజిక్స్ అంటే జీవకణాల్లో జరిగేవాటిని భౌతికశాస్త్రంతో, లెక్కలతో అర్థం చేసుకోవడం. అందుకే ముందు ఇంటర్‌లో వదిలేసిన సగం పూరించుకోవాలి. ఎంపీసీ వాళ్లకు జీవశాస్త్రం పదో తరగతితో ఆగిపోయింది, బైపీసీ వాళ్లకు లెక్కలు ఆగిపోయాయి. మొదటివాళ్లు కణత్వచం, ప్రొటీన్లు, డీఎన్ఏ చదవండి. రెండోవాళ్లు సంవర్గమానాలు, అవకలనం, సంభావ్యత పట్టుకోండి. ఇంటర్ పుస్తకాలే చాలు.

అసలు పని తర్వాతిది: మీ చేత్తో ఒక ప్రయోగం చేయండి. నా లెక్కలో మార్కుల కన్నా ఇదే ఎక్కువ మాట్లాడుతుంది. ఒక చుక్క పాలను గ్లాసెడు నీళ్లలో కలిపి, అందులోంచి ఒక చుక్క స్లైడ్ మీద వేసి కవర్‌స్లిప్ మూయండి. అంచుల వెంట నెయిల్ పాలిష్ పూయండి. పూయకపోతే మన ఎండలకు నీరు ఆవిరై, కొవ్వు రేణువులన్నీ ఒకేవైపు కొట్టుకుపోతాయి. కాలేజీ మైక్రోస్కోప్‌లో 400 రెట్ల దగ్గర చూస్తే రేణువులు ఆగకుండా వణుకుతుంటాయి. 1827లో రాబర్ట్ బ్రౌన్ గమనించిన వణుకు ఇదే. దాన్ని 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టారు.

ఫోన్‌ను కంటికటకానికి ఆనించి వీడియో తీయండి. స్టేజ్ మైక్రోమీటర్‌నూ (సన్నని కొలత గీతలున్న స్లైడ్) అలాగే వీడియో తీసుకుంటే కొలత దొరుకుతుంది. ఉచితంగా దొరికే ట్రాకర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రేణువు ఎంత జరిగిందో గుర్తించి, ఆ దూరాల వర్గాల సగటును కాలంతో గ్రాఫ్ గీయండి. సరళరేఖ రావాలి. దాని వాలులో నాలుగో వంతే వ్యాపన గుణకం, అంటే రేణువులు ఎంత వేగంగా చెదిరిపోతాయో చెప్పే సంఖ్య. మైక్రాన్ వ్యాసమున్న రేణువుకు సెకనుకు సుమారు 0.4 చదరపు మైక్రాన్లు వస్తుంది.

ఆ రేఖలోనే జీవశాస్త్రం ఉంది. పది రెట్ల దూరానికి వంద రెట్ల కాలం పడుతుంది. బాక్టీరియా లోపల అణువులు అలా తిరుగాడినా సరిపోతుంది. నడుము నుంచి పాదం దాకా సాగిన నాడీకణంలో సరిపోదు, అందుకే కైనెసిన్ అనే మోటారు ప్రొటీన్ 8 నానోమీటర్ల అడుగులేస్తూ సరుకు మోస్తుంది.

దరఖాస్తులో ఇదే రాయండి, చెడిపోయిన స్లైడ్‌లతో సహా. సిఫారసు లేఖ అడిగేటప్పుడు గ్రాఫ్‌ను మీ సార్‌కో మేడమ్‌కో చూపించండి. గడువుకు మూడు వారాల ముందే అడగాలి.

ఎన్‌సీబీఎస్‌కు ఎంపికైతే బస్సులో మెజెస్టిక్ దాకా పోవద్దు. యలహంక దాటాక, హెబ్బాళ్ రాకముందే, బళ్లారి రోడ్డు మీద జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) దగ్గర దిగండి. ఎన్‌సీబీఎస్ ఆ ఆవరణలోనే ఉంది.